ఆత్మరక్షణకు హ్యాండ్‌గన్ – 3వ పాఠం: మీ ఆవిడ చేతికి ఏది నప్పుతుంది?

మొదటి పాఠంలో భద్రతా నియమాలు, రెండో పాఠంలో గన్ భాగాల పేర్లు చూశాం. ఈ పాఠం అమెరికాలో ఉన్న తెలుగువాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్న గురించి. "మా ఆవిడ రాత్రి పదింటికి స్టోర్ మూసి ఒక్కతే ఇంటికి వస్తుంది, పర్సులో పట్టేట్టు చిన్నది, తేలికైనది, ఎక్కువ తన్ననిది ఒకటి చెప్పండి" అని అడుగుతుంటారు. అడిగేది భర్త. కాల్చాల్సిన మనిషి అక్కడ ఉండదు. పైగా చిన్నగా, తేలిగ్గా ఉండే గన్ తన్నకుండా ఉండదు, ఆ రెండూ ఒకచోట దొరకవు. ఈ పాఠం మొత్తం ఈ రెండు సంగతుల మీదే.

దానికంటే ముందు వీసా సంగతి. హెచ్-1బీ, హెచ్-4, ఎల్-1, ఎఫ్-1 లాంటి నాన్-ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్లు గన్ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడాన్ని ఫెడరల్ చట్టం నిషేధించింది. హెచ్-4 మీద ఈఏడీ (ఉద్యోగం చేసే అనుమతి కార్డు) వచ్చి ఉద్యోగం చేసుకుంటున్నా ఇది మారదు. రేంజ్‌లో (కాల్చడం ప్రాక్టీస్ చేసే చోట) గన్ అద్దెకు తీసుకుని కాల్చినా దగ్గర ఉంచుకున్నట్టే లెక్క. వేట లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి కానీ వాటిని ఫ్రెండ్స్ మాట మీద నమ్ముకోకండి, లాయర్‌ని అడగండి, ఇందులో తేడా వస్తే జైలుతో పాటు ఇమిగ్రేషన్ కూడా పోతుంది. భర్తకి గ్రీన్ కార్డు ఉండి భార్య ఇంకా వీసా మీదే ఉంటే, అది తెలిసీ ఆమె చేతికి గన్ ఇవ్వడం ఇద్దరికీ నేరమే. గ్రీన్ కార్డు వచ్చినవాళ్లకి, సిటిజన్లకి ఈ అడ్డు లేదు.

ఆమెకి అర్హత ఉంటే కొనుగోలు కూడా ఆమె చేతుల మీదుగానే జరగనివ్వండి. షాపులో నింపే ఫారం 4473లో "అసలు కొనేది మీరేనా" అన్న ప్రశ్న ఉంటుంది. సొంత డబ్బుతో కొని భార్యకి నిజంగా బహుమతిగా ఇస్తే తప్పు కాదు, కానీ ఆమె డబ్బు ఇచ్చి మీ పేరు మీద కొనిపిస్తే అది నేరం. ఆమే చూసి, ఆమే పట్టి, ఆమే సంతకం పెట్టి కొనుక్కుంటే ఈ టెన్షన్ ఏదీ ఉండదు. రాష్ట్రాల చట్టాలు వేరేగా ఉంటాయి, కాలిఫోర్నియా, న్యూజెర్సీల్లో మ్యాగజైన్‌లో (తూటాలు నింపే పెట్టెలో) పది తూటాలకి మించకూడదు. మీ రాష్ట్రం సంగతి ముందే చూసుకోండి.

ఇప్పుడు అసలు విషయం. గన్ ఎందుకు తన్నుతుంది? తూటా ముందుకు పోతుంటే, దాని వెనక మండిన పౌడర్ గ్యాస్ కూడా ముందుకు ఎగదన్నుతుంటే, ఆ ఊపంతా గన్‌ని వెనక్కి నెడుతుంది. నాటుపడవ మీంచి ఒడ్డుకి దూకితే పడవ సర్రున వెనక్కి పోతుంది, అదే లాంచీ మీంచి దూకితే కదలదు కదా, అంతే తేడా. అదే తూటాని సగం బరువున్న గన్‌లోంచి కాలిస్తే వెనక్కి తన్నే శక్తి రెండింతలవుతుంది. ఇది లెక్క, అభిప్రాయం కాదు. అందుకే రూగర్ ఎల్‌సీపీ లాంటి పావుకిలో పైచిలుకు బరువున్న .380 సైజు తూటా పిస్టల్ అరచేతిలో ముద్దుగా ఇమిడిపోతుంది గానీ, నాలుగు రౌండ్లు కాల్చేసరికి బొటనవేలి మొదట్లో చుర్రుమంటుంది. ఐదో రౌండ్‌కి ఆమె కళ్లు మూసుకుని ట్రిగ్గర్ లాగుతుంది. ఆ గన్ ఇక డ్రాయర్‌లోంచి బయటికి రాదు. షాపు వాళ్లు "లేడీస్ గన్" అని గులాబీ రంగు పూసి చూపించేవి చాలావరకు ఇలాంటివే, రంగుకి డబ్బు ఇవ్వకండి.

మన దేశంలో కూడా 2014లో కాన్పూర్ ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ మహిళల కోసమని నిర్భీక్ అనే రివాల్వర్ తెచ్చింది, బరువు దాదాపు అరకిలో. అయితే అది కాల్చేది .32, నెమ్మదైన తూటా, కాబట్టి ఆ బరువుకి సరిపోతుంది. అదే బరువున్న గన్‌లో .357 మ్యాగ్నమ్ వేసి చూడండి, చెయ్యి నిలవదు. బరువునీ తూటానీ కలిపే చూడాలి.

మరి ఏది చూడాలి? పర్సులో కాదు, ఇంట్లో బెడ్‌సైడ్ బాక్సులో ఉంచేదైతే మధ్యరకం సైజు, ఉక్కు గానీ పాలిమర్ గానీ, ఆరు ఏడు వందల గ్రాములకి తగ్గని బరువు ఉన్న 9 ఎంఎం మీద నాకు ఎక్కువ నమ్మకం. గ్లాక్ 19 ఖాళీ మ్యాగజైన్‌తో సుమారు 670 గ్రాములు, పదిహేను తూటాలు పడతాయి, చాలామంది చేతికి ఒదుగుతుంది. చేతిలో బలం తక్కువ ఉన్నవాళ్లకి, కీళ్లనొప్పులు ఉన్నవాళ్లకి స్మిత్ అండ్ వెసన్ వాళ్లు 2018లో తెచ్చిన ఎం అండ్ పీ 380 షీల్డ్ ఈజీ మంచిది. పేరుకి తగ్గట్టే స్లైడ్ (గన్ పైన వెనక్కీ ముందుకీ జరిగే భాగం) లాగడం తేలిక, మ్యాగజైన్ నింపడం కూడా తేలిక, దాని పక్కన చిన్న బొడిపె ఉంటుంది, బొటనవేలితో దాన్ని కిందకి లాగి పట్టుకుంటే తూటాలు నొప్పి లేకుండా దిగుతాయి. ఒక్క సంగతి, దాని పిడి వెనక గ్రిప్ సేఫ్టీ ఉంటుంది, అరచేత్తో పూర్తిగా నొక్కి పట్టకపోతే పేలదు. అది ఆమె చేతికి ప్రతిసారీ పూర్తిగా నొక్కుకుంటుందో లేదో కాల్చి చూడాల్సిందే.

.380 అనగానే తన్ను తక్కువ అనుకోకండి. వాల్తర్ పీపీకే, బెర్సా థండర్ లాంటి .380లలో బ్యారెల్ కదలదు, స్లైడ్ బరువూ స్ప్రింగ్ బిగువూ రెండే పేలుడుని ఆపాలి. అందుకని స్ప్రింగ్ గట్టిగా ఉంటుంది, స్లైడ్ లాగడం కష్టం, కాల్చినప్పుడు తన్ను ఒక్క దెబ్బలా తగులుతుంది. ఈ రకాన్ని బ్లోబ్యాక్ అంటారు. బ్యారెల్ స్లైడ్‌తో లాక్ అయి కొంచెం వెనక్కి ప్రయాణించి అప్పుడు విడిపోయే రకంలో అదే ఊపు కాస్త సాగి, నెట్టినట్టు వస్తుంది. దీన్ని లాక్డ్ బ్రీచ్ అంటారు, షీల్డ్ ఈజీ ఆ రకమే. షాపులో "ఇది బ్లోబ్యాకా, లాక్డ్ బ్రీచా" అని అడగండి, సమాధానం చెప్పలేని సేల్స్‌మ్యాన్ దగ్గర సలహా తీసుకోకండి.

"రివాల్వర్ అయితే సులువు కదా, స్లైడ్ లాగక్కర్లేదు" అంటారు. సగం నిజం. ఐదు తూటాల, ఎయిర్‌వెయిట్ అనే తేలికపాటి రివాల్వర్లు అరకిలో కూడా ఉండవు, ట్రిగ్గర్ లాగడానికి పది పన్నెండు పౌండ్ల బలం కావాలి, చూపుడువేలు వణికి గురి తప్పుతుంది, దానికి తోడు తన్ను. రివాల్వరే కావాలనుకుంటే ఉక్కు ఫ్రేమ్ ఉన్నది తీసుకుని అందులో .38 స్పెషల్ వాడండి. బరువుంటుంది, ఇంట్లో ఉంచేదానికి బరువు ఇబ్బంది కాదు.

.22 గురించి కూడా అడుగుతారు. తన్ను దాదాపు ఉండదు, తూటాలు చవక, నేర్చుకోవడానికి దాన్ని మించింది లేదు. కానీ మంట పెట్టే మందు తూటా అంచులో ఉంటుంది, ఆ మందు (ప్రైమర్) నడిమధ్య ఉన్న తూటాలతో పోలిస్తే పేలకుండా తుస్సుమనడం ఎక్కువ. నా మాట ఏంటంటే, ముందు .22తో నేర్పించండి, తర్వాత .380, తర్వాత 9 ఎంఎం, ఆమె చెయ్యి ఎక్కడ ఆగితే అక్కడ ఆగండి. భయపడి కాల్చే 9 ఎంఎం కంటే ధైర్యంగా గురి తగిలే .22 మెరుగు.

ఇప్పుడు చేతికి సరిపోతుందో లేదో చూసే పద్ధతి. మ్యాగజైన్ తీసి, స్లైడ్ వెనక్కి లాక్ చేసి, తూటా కూర్చునే చాంబర్‌లోకి చూసి, చిటికెన వేలు పెట్టి కూడా ఖాళీ అని తేల్చుకోండి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య సందు పిడి వెనక భాగంలో ఎంత పైకి వెళ్తే అంత పైకి ఆనించమనండి. బ్యారెల్ ముంజేతి ఎముకకి తిన్నగా ఉండాలి. అలా ఉంచి చూపుడువేలు మొదటి కణుపు మెత్తటి భాగం ట్రిగ్గర్ మీద సులువుగా పడితే సైజు సరిపోయినట్టు. వేలు అందడానికి గన్‌ని చేతిలో తిప్పాల్సి వస్తే అది పెద్దది, తన్నంతా బొటనవేలి కీలు మీద పడుతుంది. చాలా మోడళ్లకి పిడి వెనక మార్చుకునే పలకలు వస్తాయి, చిన్నది వేసి మళ్లీ చూడండి.

స్లైడ్ లాగలేక "నాకు బలం చాలదు" అనేవాళ్లలో ఎక్కువమంది రెండు వేళ్లతో చెవి మెలేసినట్టు లాగుతారు. అలా ఎవరికీ రాదు. గన్‌ని ఛాతీకి దగ్గరగా, గొట్టం సురక్షితమైన వైపు ఉంచి, ఎడమ అరచేతిని స్లైడ్ వెనక భాగం మీద బోర్లా వేసి నాలుగు వేళ్లతో గట్టిగా పట్టి, ఆ చేతిని కదలనివ్వకుండా కుడిచేత్తో గన్‌ని ముందుకి తొయ్యాలి. చివరికి రాగానే వదిలెయ్యాలి, చేత్తో పట్టుకుని మెల్లగా ముందుకి దించితే తూటా సగంలో ఇరుక్కుంటుంది. ఈ ఒక్క మార్పుతో "నా వల్ల కాదు" అన్నవాళ్లు అప్పటికప్పుడు లాగేయడం మామూలే. భర్తలకి ఒక విన్నపం, ఆ క్షణంలో ఆమె చేతిలోంచి లాక్కుని "ఇలా" అని చూపించకండి.

తూటాల సంగతి. డబ్బా మీద గ్రెయిన్ అని రాసేది తూటా బరువు, 9 ఎంఎంలో 115, 124, 147 మామూలుగా దొరుకుతాయి, 115 గ్రెయిన్ అంటే సుమారు ఏడున్నర గ్రాములు. ప్రాక్టీస్‌కి మొత్తం రాగి తొడుగున్న ఎఫ్ఎంజే చాలు. ఇంట్లో రక్షణకి మాత్రం హాలో పాయింట్, ముక్కు దగ్గర గుంట ఉండి, తగలగానే విచ్చుకుని ఆగే రకం. అమెరికా ఇళ్ల గోడలు మన ఇటుక గోడలు కావు, కర్ర చట్రం మీద జిప్సం పలకలు. గురి తప్పిన తూటా ఏ రకమైనా వాటిని దాటి పక్క గదిలోకి పోతుంది. కాబట్టి ఏ తూటా వేసినా, పిల్లల గది ఏ గోడ వెనక ఉందో ముందే ఆలోచించుకోవాలి.

ప్లస్ పీ అని రాసున్న డబ్బాల జోలికి వెళ్లకండి. 9 ఎంఎంకి మామూలు గరిష్ఠ ప్రెషర్ 35,000 పీఎస్ఐ అయితే ప్లస్ పీకి 38,500, ఆ అదనమంతా ఆమె మణికట్టుకే. తన్ను తగ్గించిన రకాలు దొరుకుతాయి, ఫెడరల్ హైడ్రా-షాక్ 135 గ్రెయిన్ లో రికాయిల్, హార్నడీ క్రిటికల్ డిఫెన్స్ లైట్ 100 గ్రెయిన్. .38 స్పెషల్‌కి 90 గ్రెయిన్ లైట్ ఉంది. తేలిక తూటా కొంచెం తక్కువ లోతుకే వెళ్తుంది, అది తెలిసి ఎంచుకోవాలి. 1986లో మయామీలో దొంగలతో తమ ఏజెంట్లకి జరిగిన కాల్పుల తర్వాత ఎఫ్‌బీఐ పెట్టుకున్న కొలత ప్రకారం, శరీరానికి బదులుగా పరీక్షకి వాడే జెల్‌లో 12 నుంచి 18 అంగుళాలు వెళ్లాలి, కొనే రకం ఆ పరీక్షలో ఎలా వచ్చిందో చూసుకోండి. ఇంకో మెలిక ఉంది, తూటా మరీ నెమ్మదిదైతే స్ప్రింగ్ గట్టిగా ఉన్న పిస్టల్‌లో స్లైడ్ పూర్తిగా వెనక్కి రాక ఖాళీ తొడుగు ఇరుక్కుంటుంది, మణికట్టు వదులుగా పట్టినా అంతే. కాబట్టి రక్షణకి ఉంచే తూటాలు ఖరీదైనా కనీసం రెండు డబ్బాలు ఆమే, అదే గన్‌తో కాల్చి, ఒక్కసారీ ఇరుక్కోలేదని తేల్చుకున్నాకే ఇంట్లో లోడ్ చెయ్యాలి.

గన్ ఇంటికి వచ్చే రోజుకే వేళ్లతో నంబర్ నొక్కి తెరిచే లాక్ బాక్సు ఇంట్లో ఉండాలి, తర్వాత కొందాంలే అనుకోకండి. పిల్లలకి ఆ నంబర్ తెలియకూడదు, బాక్సుని మంచానికి గానీ గోడకి గానీ బోల్ట్ చెయ్యాలి. పిల్లలకి అందేలా వదిలేస్తే టెక్సస్ లాంటి చాలా రాష్ట్రాల్లో కేసు పెడతారు, కానీ చట్టం కోసం కాదు, పిల్లల కోసం చెయ్యండి.

ఈ వారం హోంవర్క్. గన్ అద్దెకి ఇచ్చే రేంజ్‌కి ఇద్దరూ వెళ్లండి, మహిళా ఇన్‌స్ట్రక్టర్ ఉంటే ఆమెకి మాత్రమే విడిగా క్లాసు పెట్టించండి, మీరు బయట కూర్చోండి. ముందు .22, తర్వాత షీల్డ్ ఈజీ, తర్వాత ఒక 9 ఎంఎం. ఒక్కోదానితో ఐదు గజాల దూరంలో కాగితం పళ్లెం మీద ఐదు రౌండ్లు, నెమ్మదిగా. పళ్లెం వెనక ఏ గన్‌తో కాల్చిందో రాసి ఇంటికి తెచ్చుకోమనండి, ఏది పట్టుకున్నప్పుడు చెయ్యి నొప్పి పుట్టిందో కూడా రాయాలి. నాలుగో పాఠం పట్టు, నిలబడే తీరు, ఆ పళ్లేలు ముందు పెట్టుకుని మొదలుపెడదాం.