బరువులూ, పరుగూ రెండూ కావాలా? వారాన్ని ఇలా సర్దుకోండి

"పరుగెడితే కండ కరిగిపోతుంది బ్రో" అనేవాళ్లు ప్రతి జిమ్‌లోనూ ఒకరుంటారు. ఈ భయం ఊరికే పుట్టలేదు. 1980లో రాబర్ట్ హిక్సన్ అనే పరిశోధకుడు చేసిన 10 వారాల ప్రయోగంలో, బరువులూ దమ్ము పెంచే వ్యాయామమూ కలిపి చేసినవాళ్ల బలం 7 వారాల దాకా బాగానే పెరిగి, తర్వాత ఆగిపోయి, చివర్లో కాస్త తగ్గింది కూడా. అయితే వాళ్లు వారానికి 5 రోజులు బరువులెత్తి, 6 రోజులు గట్టిగా సైకిల్ తొక్కడమో పరుగెత్తడమో చేశారు. మనలో అంత చేసేది ఎవరు?

లోపల జరిగేది ఇదీ. బరువెత్తితే ఎంటార్ అనే సంకేతం కండలో ప్రోటీన్ కట్టడాన్ని పెంచుతుంది, పోగులు లావెక్కుతాయి. చాలాసేపు పరుగెత్తి కండలో శక్తి తగ్గితే ఏఎంపీకే అనే ఇంకో సంకేతం మేల్కొంటుంది, దాంతో కండలో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా పెరుగుతాయి, కొన్ని వారాల్లో సన్నని రక్తనాళాలూ పెరుగుతాయి. ఈ రెండోది మొదటిదాన్ని కాసేపు అణచగలదు. కానీ నన్నడిగితే అసలు విలన్ అలసటే. ఒకసారి సాయంత్రం స్పీడ్ ఇంటర్వెల్స్ (కాసేపు వేగంగా, కాసేపు నెమ్మదిగా పరుగు) చేసి, మర్నాడు పొద్దున్నే స్క్వాట్‌కి దిగాను. రోజూ 5 రెప్స్ వచ్చే బరువే, మూడోదానికి మోకాళ్లు లోపలికి వంగిపోయి, బార్‌ని రాక్ మీదికి ఎలా చేర్చానో నాకే తెలీదు.

అందుకని ముందు మీకు ఏది ముఖ్యమో తేల్చుకోండి. బలమే అయితే, ఒకే రోజు రెండూ చేయాల్సి వచ్చినప్పుడు బరువులు ముందు, పరుగు తర్వాత, వీలైతే మధ్యలో 6 గంటల గ్యాప్. కాళ్ల వర్కౌట్‌కి ముందు రోజు గట్టి పరుగు పెట్టుకోకండి, చేతులు, ఛాతీ రోజైతే పెద్దగా తేడా ఉండదు. వారానికి 2 లేదా 3 రోజులు బరువులు, 2 లేదా 3 పరుగులు చాలామందికి సరిపోతాయి. ఆ పరుగుల్లో ఒక్కటే గట్టిగా ఉండాలి, మిగతావి పక్కవాళ్లతో ఆయాసపడకుండా మాట్లాడగలిగే వేగంలోనే. ఇది వినడానికి తేలికే కానీ, ఎవరైనా దాటి వెళ్లిపోతుంటే కాళ్లు ఆగవు, అదీ బాధ.

కాళ్లు మరీ పట్టేస్తే పరుగు బదులు సైకిల్ తొక్కండి, పాదం నేలకు కొట్టుకునే దెబ్బ ఉండదు కాబట్టి కండ తక్కువ నలుగుతుంది. ఎత్తుకు దూకడం, స్ప్రింట్ లాంటి పేలుడు బలం కావాలనుకునేవాళ్లు మాత్రం ఇంకాస్త జాగ్రత్తగా ఉండాలి, కలిపి చేస్తే ముందు దెబ్బతినేది అదే.

తిండి తగ్గించి రెండూ చేద్దామనుకోవద్దు. ప్రోటీన్ శరీర బరువులో కిలోకి రోజుకు 1.6 గ్రాముల దగ్గర ఉంచుకోండి. వార్మప్ బరువే వరసగా రెండుసార్లు భారంగా అనిపిస్తే, ఆ వారం గట్టి పరుగుని కొట్టేయండి.