పాత బస్సు కొని మార్పిస్తున్నారా? ముందు ఇంజన్ దగ్గర ఈ జాగ్రత్తలు

బస్సు చూడటానికి వెళ్లేసరికే ఇంజన్ వేడిగా ఉంటే ఆ రోజు బేరమాడకుండా తిరిగొచ్చేయండి. రాత్రంతా ఆగిన ఇంజన్ పొద్దున ఎలా లేస్తుందో తెలిస్తేనే దాని అసలు సంగతి తెలుస్తుంది. ముందే ఓ గంట నడిపి పెడితే ఆ సాక్ష్యం పోయినట్టే. రేడియేటర్ పై ట్యాంకు మీద చెయ్యి పెడితే చాలు, నడిపారో లేదో తెలిసిపోతుంది. "రేపు పొద్దున ఆరింటికి వస్తం, అప్పటిదాంక స్టార్ట్ చెయ్యకున్రి" అని చెప్పి, చెప్పిన టైముకే వెళ్లండి.

పడకలు, వంటగది కట్టించి జాతరలకు, తీర్థయాత్రలకు తిరగాలన్నా, ఊరూరా వైద్య శిబిరం నడపాలన్నా, కదిలే టిఫిన్ సెంటర్ పెట్టాలన్నా బస్సు బాడీలో ఏదైనా తర్వాత మార్చుకోవచ్చు. రేకు పోతే రేకు, అద్దం పోతే అద్దం. ఇంజన్ అలా కాదు. పైగా మన దగ్గర ఎండ దాన్ని వదిలిపెట్టదు. మే నెలలో రామగుండం, మంచిర్యాల, జగిత్యాల వైపు 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. కూలింగ్‌లో లోపమున్న బస్సు ఆ మధ్యాహ్నం ములుగు అడవి రోడ్డులో ఆగిపోతే లోపలున్న పిల్లలకు, ముసలివాళ్లకు ప్రాణం మీదికొస్తుంది. అందుకే మార్చిలోపే కొని, ఏప్రిల్‌లో కూలింగ్ పని చేయించుకునేంత వ్యవధి పెట్టుకోవాలి.

పవర్ గురించి ఎక్కువ ఆలోచించనక్కర్లేదు. 50 మంది మనుషులు, సామాను కలిపితేనే మూడున్నర టన్నులు దాటుతుంది. మార్పించాక 300 లీటర్ల నీళ్ల ట్యాంకు, మంచాలు, అలమరలు, బ్యాటరీలు, ఏసీ, ఎనిమిది మంది మనుషులు అన్నీ కలిపినా రెండు టన్నుల చుట్టుపక్కలే. పాత బరువును లాగిన ఇంజన్‌కు ఇది తేలిక. కాబట్టి ఎన్ని హార్స్ పవర్ అని కాదు, చెడిపోతే మీ ఊళ్లో ఎవరు విప్పుతారని అడగండి. వరంగల్ ఆటోనగర్‌లో ఏ ఇంజన్ సామాను సాయంత్రానికి దొరుకుతుందో, ఏ డీజిల్ పంపును స్థానికంగా కాలిబ్రేట్ చేస్తారో (సరిగ్గా సెట్ చేస్తారో) ముందు కనుక్కుని, ఆ తర్వాతే బస్సు వెతకండి.

ఏ ఇంజన్ అయితే మేలు

పాత బస్సుల్లో ఎక్కువగా తగిలేవి మూడు. టాటా 697, లేలాండ్ వాళ్లు హినో పరిజ్ఞానంతో చేసిన హెచ్ సిరీస్, టాటా బస్సుల్లోనే వచ్చే కమ్మిన్స్ 6బీటీ. మూడూ ఆరు సిలిండర్లవే, మూడూ దాదాపు ఆరు లీటర్ల లోపువే. 697 అనే పేరులోనే లెక్క ఉంది: ఆరు సిలిండర్లు, 97 మిల్లీమీటర్ల బోరు, అంటే సిలిండర్ లోపలి వెడల్పు. అలాగే 497 అంటే అదే బోరు, నాలుగు సిలిండర్లు. పెద్ద బస్సులో నాలుగు సిలిండర్ల ఇంజన్ కనిపిస్తే మాత్రం ఆలోచించుకోండి. పొట్టి బస్సుకు సరిపోతుంది గానీ నిర్మల్ ఘాట్ ఎక్కేటప్పుడు పెద్ద బాడీని ఈడ్చుకుంటూ వేడెక్కుతుంది.

697, హినో రకాలు బోరు అరిగి పనికొస్తే సిలిండర్ లోపలి గొట్టాలు, అంటే లైనర్లు మార్చి కొత్త పిస్టన్లు వేస్తారు. కమ్మిన్స్ 6బీటీలో విడిగా లైనర్ ఉండదు, పిస్టన్ నేరుగా బ్లాకులోనే ఆడుతుంది. అరిగితే లేత్ దగ్గర బోరు పెద్దది చేసి ఓవర్‌సైజు పిస్టన్ వేయాలి, లేదంటే లోపల స్లీవ్ అనే కొత్త గొట్టం దింపాలి. అందుకని 6బీటీ కొనేటప్పుడు "ఇంతకుముందు బోరింగ్ అయిందా, ఎంత సైజు?" అని తప్పకుండా అడగండి. చివరి సైజుకు వచ్చేసిన బ్లాకైతే స్లీవ్ ఖర్చు ముందే ధరలో తగ్గించుకోవాలి. అదొక్కటే తేడా. మిగతా విషయాల్లో 6బీటీ గట్టి ఇంజన్, డీజిల్ కూడా పొదుపుగా తాగుతుంది.

పైన చెప్పిన మూడింటిలోనూ పాత బస్సుల్లో లైన్ పంపు (కంప్యూటర్ లేకుండా ఒక్కో సిలిండర్‌కు విడిగా డీజిల్ కొట్టే పంపు) ఉంటే అది మీకు పెద్ద భరోసా. వైరింగ్ కాలినా, సెన్సర్ పోయినా ఇంజన్ ఆగదు. గాలి పట్టినా చేతి పంపు కొట్టి లేపుకోవచ్చు. కాలుష్య ప్రమాణాల్లో బీఎస్ 4 దేశమంతటికీ 2017 ఏప్రిల్ 1 నుంచి, బీఎస్ 6 2020 ఏప్రిల్ 1 నుంచి వచ్చాయి. ఈ కొత్త ఇంజన్లలో చాలావరకు కామన్ రైల్ (ఇంజెక్టర్లన్నిటికీ ఒకే గొట్టం నుంచి ఎక్కువ ప్రెషర్‌తో డీజిల్), ఈసీఎం (ఇంజన్ కంప్యూటర్) ఉంటాయి. నడిచినంతకాలం బాగా నడుస్తాయి. కానీ డీజిల్‌లో నీళ్లు, మట్టి వస్తే వాటి ఇంజెక్టర్లు తట్టుకోలేవు. మారుమూల ఊళ్లలో క్యాన్లలో డీజిల్ పోయించుకునేవాళ్లకు ఇది పెద్ద సమస్య. ఇంకో ప్రమాదం మనుషులకు. ఏ సిలిండర్ మిస్సింగో, అంటే సరిగా మండటం లేదో తెలుసుకోడానికి పాత మేస్త్రీలు ఇంజన్ నడుస్తుండగానే నాజిల్ (ఇంజెక్టర్) పైపు నట్టు వదులు చేస్తారు. లైన్ పంపు ఇంజన్ మీద చేసే ఆ పని కామన్ రైల్ మీద ఎట్టి పరిస్థితుల్లోనూ చేయనివ్వకండి. అందులో ప్రెషర్ వెయ్యి బార్‌కు పైనే, ఆ ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. ఆ ఇంజన్లలో ఇంజెక్టర్ల రిటర్న్ పైపులను ఒకే సైజు సీసాల్లో పెట్టి, ఐడిల్‌లో నడిపి చూస్తారు. ఏ సీసా ముందు నిండితే ఆ ఇంజెక్టర్ అరిగినట్టు.

బీఎస్ 6లో డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్), యూరియా ట్యాంకు అదనం. హైవే మీద రోజూ పరుగెత్తే బండికి డీపీఎఫ్ తనంతట తాను శుభ్రమవుతుంది. నెలకోసారి కదిలే బస్సులో మసి పేరుకుపోతుంది. ఆ యూరియా ట్యాంకులో పోసే డెఫ్ ద్రవం 30 డిగ్రీల దగ్గర ఏడాది నిలుస్తుంది, 35 దగ్గర ఆరు నెలలే. మన వేసవిలో ఎండలో నిలబెట్టిన బస్సు ట్యాంకులో అది ఎన్నాళ్లుంటుందో మీరే ఊహించుకోండి. ఎక్కువ కాలం ఒకేచోట ఉండే బస్సుకు ఈ రకం మేం సూచించం.

వెనక ఇంజన్ కోచ్‌లు, వోల్వో లాంటివి, లోపల నిశ్శబ్దంగా ఉంటాయి, ముందు భాగమంతా మీ చేతికొస్తుంది. కానీ వెనక చక్రాలు లేపిన దుమ్మంతా రేడియేటర్‌కే పోతుంది. భూపాలపల్లి బొగ్గు ధూళి, ఏనుమాముల వైపు పత్తి దూది, రైస్ మిల్లుల దగ్గర పొట్టు కలిసి ఫిన్ల మధ్య దుప్పటిలా పరుచుకుంటాయి. పైగా మార్పించేటప్పుడు వడ్రంగి వెనక మంచం కోసం గాలి జాలీలకు ప్లైవుడ్ కొట్టేస్తాడు. వెనక ఇంజన్ బస్సే తీసుకుంటే ఆ జాలీలకు అడ్డం ఏదీ రాకూడదని ముందే గీత గీసివ్వండి. ముందు ఇంజన్ బస్సులో వేడి, శబ్దం క్యాబిన్‌లోకి వస్తాయి. బానెట్ లోపల ఇన్సులేషన్ వేయిస్తే చాలావరకు తీరుతుంది. మొదటిసారి మార్పించేవాళ్లకు ముందు ఇంజనే మేలు.

పొద్దున పరీక్ష

సెల్ఫ్ కొట్టే ముందే ఆయిల్ గేజీ తీసి చూడండి. పాలు కలిసిన చాయ్ రంగులో ఉంటే నీళ్లు ఆయిల్‌లోకి పోతున్నాయి. హెడ్ గ్యాస్కెట్, ఆయిల్ కూలర్, ఏదైనా కావచ్చు. ఆయిల్ బెల్లం పాకంలా చిక్కగా జారుతుంటే అరిగిన ఇంజన్‌ను దాచడానికి మందమైన ఆయిల్ పోశారని అనుమానించాలి. ఈ ఇంజన్లకు మామూలుగా వాడేది 15డబ్ల్యూ 40. రేడియేటర్ మూత చల్లగా ఉన్నప్పుడే తీయండి, వేడి మీద తీస్తే ముఖం కాలుతుంది. లోపల తెల్లటి గార పేరుకుని ఉంటే ఏళ్ల తరబడి బోరుబావి నీళ్లు పోశారని అర్థం. అలాంటి రేడియేటర్ గొట్టాలు సగం మూసుకుపోయి ఉంటాయి.

ఇప్పుడు స్టార్ట్ చేయించి సైలెన్సర్ వైపు నిలబడండి. చలి పొద్దున ఒక నిమిషం తెల్ల పొగ మామూలే. అది ఆగకుండా వస్తే నాజిల్ గానీ కంప్రెషన్ గానీ చూడాలి. నీలం పొగంటే ఆయిల్ కాలుతోంది. నల్ల పొగ ఖాళీ బస్సులో, ఎత్తు లేని చోట కూడా వస్తుంటే ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయిందనో, పంపు ఎక్కువ డీజిల్ కొడుతోందనో లెక్క.

ఆ తర్వాత ఆయిల్ పోసే మూత విప్పి తలకిందులుగా ఆ మూతి మీదే పెట్టండి. కాస్త కదిలితే పర్వాలేదు. ఎగిరి పడిపోతే, మూతిలోంచి పొగ గుప్పుగుప్పున కొడుతుంటే బ్యాక్ కంప్రెషన్ ఉంది, అంటే మండిన గ్యాస్ పిస్టన్ పక్కనుంచి కిందికి లీకవుతోంది, పిస్టన్ రింగులు లేదా బోరు పోయాయి.

చాలామంది వదిలేసే పరీక్ష ఇంకొకటుంది. ఇంజన్ ఆపి, ఎయిర్ ఫిల్టర్‌కు, టర్బోకు (ఇంజన్‌లోకి గాలి నెట్టే చక్రానికి) మధ్యనున్న రబ్బరు పైపు విప్పించండి. తెల్ల గుడ్డ వేలికి చుట్టి పైపు లోపల తుడవండి. గుడ్డకు ఎర్రటి సన్న దుమ్ము అంటితే ఫిల్టర్ తర్వాత నుంచి గాలి దొంగదారిన పోతోంది. ఆ దుమ్ము సానరాయి పొడిలా రింగులను అరగదీస్తుంది. ఇంజన్ బయటికి ఎంత మెరుస్తున్నా ఈ ఒక్క గుడ్డతో కథ తెలిసిపోతుంది. పైపు విప్పినప్పుడే టర్బో చక్రాన్ని వేలితో ముందుకు వెనక్కి లాగి చూడండి. ఆ దిశలో ఆట చేతికి తగలకూడదు. పక్కలకు కాస్త ఆట ఉండొచ్చు, కానీ రెక్కలు గోడకు రాసుకోకూడదు.

మధ్యాహ్నం పరీక్ష

అదే బస్సును మధ్యాహ్నం రెండింటికి మళ్లీ తీసుకోండి. కనీసం 30 కిలోమీటర్లు, వీలైతే ఓ టన్ను బరువు వేసి. వరంగల్ నుంచి కరీంనగర్ దారిలో గానీ ములుగు దారిలో గానీ పెద్ద గేరులో 40 స్పీడు నుంచి యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కించండి. పికప్ సాఫీగా రావాలి, టెంపరేచర్ ముల్లు 95 దాటకూడదు. చేతిలో ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ ఉంటే ఆపిన వెంటనే రేడియేటర్ మీద వరసగా గురిపెట్టి చూడండి. మధ్యలో చల్లటి మచ్చలు తగిలితే అక్కడ గొట్టాలు మూసుకుపోయాయి.

థర్మోస్టాట్ (నీళ్లు వేడెక్కాక రేడియేటర్‌కు దారి తెరిచే వాల్వు) ఉందో లేదో కూడా అడగండి. "అదెందుకన్నా, తీసేస్తే ఇంజన్ సల్లగుంటది" అని తీసి పారేసే అలవాటు మన షెడ్లలో చాలా ఉంది. 6బీటీ లాంటి ఇంజన్లలో థర్మోస్టాట్ లేకపోతే వేడి నీళ్లలో కొంత రేడియేటర్‌కు పోకుండా బైపాస్‌లోంచే తిరిగొస్తాయి. అంటే ఎండలో ఇంకా వేడెక్కుతుంది, చలికాలంలో వేడెక్కక ఆయిల్‌లో జిడ్డు పేరుకుంటుంది. సుమారు 83 డిగ్రీలకు తెరుచుకునే కొత్తది వేయించడం చిన్న ఖర్చు.

వేడి మీద ఐడిల్‌లో ఆయిల్ ప్రెషర్ చూడండి. డాష్‌బోర్డు మీటరును నమ్మొద్దు, మేస్త్రీ దగ్గరుండే విడి గేజీ బిగించాలి. 6బీటీకి ఐడిల్‌లో కనీసం 10 పీఎస్ఐ, పూర్తి స్పీడులో కనీసం 30 ఉండాలి. అంతకంటే తక్కువైతే బేరింగులు పోయాయని లెక్కేసుకోండి. చివరగా బ్రేకుల ఎయిర్ ట్యాంకు కింద కాక్ వదలండి. నీళ్లు కాస్త రావడం సహజం, ఆయిల్ కారితే ఎయిర్ కంప్రెసర్ పోయింది.

కాగితాలు

బ్లాకు మీద కొట్టిన ఇంజన్ నంబరు, చాసిస్ నంబరు ఆర్సీతో అక్షరం అక్షరం కలవాలి. ఆర్టీసీ వర్క్‌షాపుల్లో ఇంజన్లు విప్పి బాగు చేసి మరో బస్సుకు వేయడం మామూలు కాబట్టి, వేలం బస్సుల దగ్గర ఈ తేడా ప్రత్యేకంగా చూడండి. 2023 ఏప్రిల్ 1 నుంచి ప్రభుత్వ, ఆర్టీసీ వాహనాలకు 15 ఏళ్లు నిండాక రిజిస్ట్రేషన్ రెన్యువల్ లేదు. రోడ్డు మీద తిప్పుకుందామనే ఆశతో అలాంటి బస్సు కొనొద్దు. ఆర్సీ పేరు మారుతుందా, లేక తుక్కుగా అమ్ముతున్నారా అన్నది వేలం షరతుల్లో చదివాకే డబ్బు కట్టండి.

"వేరే ఇంజన్ వేసిస్తం, ఏం కాదు" అనే మాట వినొద్దు. 1988 మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ఆర్సీలో ఉన్న వివరాలకు తేడా వచ్చే మార్పు సొంతంగా చేయకూడదు. సీట్లు తీసి మంచాలు వేయడం కూడా ఇందులోకే వస్తుంది. మోటార్ క్యారవాన్లకు ఏఐఎస్ 124 అనే ప్రమాణం విడిగా ఉంది. డిజైన్ గీయించగానే ఆర్టీవో ఆఫీసులో అడిగి, అనుమతి వచ్చాకే కట్టర్ పట్టండి. ఎనిమిదేళ్లు దాటిన బస్సుకు ఫిట్‌నెస్ ఏటా చేయించాలని కూడా గుర్తుంచుకోండి.

కొన్నాక

బాడీ పనికి ఇవ్వకముందే ఇంజన్ పని ముగించండి. వడ్రంగి పని అయ్యాక బానెట్ విప్పడం రెండింతల కష్టం. ఆయిల్, ఆయిల్ ఫిల్టర్, డీజిల్ ఫిల్టర్లు, ఎయిర్ ఫిల్టర్, బెల్టులు, రేడియేటర్ గొట్టాలు అన్నీ ఒకేసారి మార్చండి. పాత ఆయిల్ ఛాంబర్‌లోంచి దింపేటప్పుడు అయస్కాంతం పెట్టి చూడండి. సన్న నల్ల బురద మామూలే, వేలికి గుచ్చుకునే రజను మాత్రం కాదు. రేడియేటర్ విప్పి రాడ్డింగ్ (గొట్టాల్లో కమ్మీ దూర్చి శుభ్రం) చేయించి, డిస్టిల్డ్ వాటర్, కూలెంట్ సగం సగం పోయండి, బోరుబావి నీళ్లు ఇక ముట్టొద్దు. వాల్వ్ క్లియరెన్స్ చల్లటి ఇంజన్ మీదే పెట్టించండి. 6బీటీకి ఇన్‌టేక్ 0.25, ఎగ్జాస్ట్ 0.51 మిల్లీమీటర్లు.

ఏసీ కోసం ఇంజన్‌ను గంటల తరబడి ఐడిల్‌లో ఉంచితే నాజిళ్లకు మసి పట్టి, బోరు గోడ అద్దంలా నున్నబడి ఆయిల్ తాగడం మొదలవుతుంది. విడిగా జనరేటర్ గానీ బ్యాటరీలు గానీ పెట్టుకోండి. డీజిల్ గొట్టాల పక్కనుంచి కొత్త వైరింగ్ పోనివ్వకండి. బ్యాటరీ పక్కనే మెయిన్ స్విచ్ ఉండాలి. మంటలార్పే సిలిండర్లు డ్రైవర్ దగ్గర ఒకటి, పడకల దగ్గర ఒకటి ఉండాలి.

మొదటి వెయ్యి కిలోమీటర్లు ఊరి చుట్టుపక్కలే తిప్పండి. రోజూ పొద్దున ఆయిల్ గేజీ చూసి, నీళ్ల మట్టం చూసి, బస్సు నిలిపిన చోట కింద అట్ట పరిచి ఏం కారిందో చూడండి. వెయ్యి తిరిగాక ఆయిల్ మళ్లీ మార్చి, ఈసారి పాత ఫిల్టర్‌ను కోయించి మడతలు విప్పి చూడండి. మడతల్లో మెరిసే రజను కనిపిస్తే బేరింగులు చూసేదాకా దూర ప్రయాణం పెట్టుకోకండి.