ముసురు పట్టిన ఆదివారం లాంగ్ రన్ పూర్తి చేయడం ఎలా

హైదరాబాద్ మారథాన్ సాధారణంగా ఆగస్టు చివర్లో జరుగుతుంది. దానికోసం నాలుగు నెలల ముందు సాధన మొదలుపెట్టే నల్లగొండ వాసికి అటు రోళ్లు పగిలే రోహిణి కార్తె ఎండలు, ఇటు జూలైలో రోజుల తరబడి విడవని ముసురు రెండూ తప్పవు. వాతావరణం అనుకూలించే ఆదివారం కోసం ఎదురుచూస్తూ కూర్చుంటే మారథాన్ దూరమైన 42.195 కిలోమీటర్లకు కాళ్లను సిద్ధం చేసే లాంగ్ రన్‌లలో, అంటే ఆదివారాల దూరపు పరుగుల్లో, సగమైనా పూర్తికావు.

తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి, కిటికీలోంచి చేయి చాచి చినుకులు చూసి, ‘ఇంకో అరగంట ఆగి చూద్దాం’ అనుకున్న రోజున నేను ఒక్కసారి కూడా బయలుదేరలేదు. అందుకే, పరుగు తీయాలా వద్దా అన్న నిర్ణయాన్ని శనివారం రాత్రే, కడుపు నిండా తిని పొడి బట్టల్లో కూర్చున్నప్పుడే తీసుకోవాలని నేను గట్టిగా చెబుతాను. ఏయే కారణాలుంటే పరుగు మానేయాలో ఒక కాగితం మీద రాసి తలుపుకు అంటించండి. నా కాగితం మీద మూడే ఉన్నాయి: ఉరుము వినిపించడం, వాగు నీళ్లు రోడ్డు మీదుగా పారడం, ఒంట్లో జ్వరం ఉండడం. ఈ మూడింటిలో ఏదీ లేకపోతే బయలుదేరాల్సిందే. ఇక పొద్దున్నే మనసుతో వాదన పెట్టుకునే పని ఉండదు.

వీటిలో ఉరుము విషయంలో ఏమాత్రం మొండితనం పనికిరాదు. తొలకరి రోజుల్లో పొలాల్లో పిడుగుపాటుకు ప్రాణాలు పోయే ప్రాంతం మనది. మెరుపు కనిపించాక ఉరుము వినిపించేలోపు గడిచిన ప్రతి మూడు సెకన్లకూ సుమారు ఒక కిలోమీటరు దూరమని లెక్క. ఆ వ్యవధి 30 సెకన్లలోపు ఉంటే వెంటనే పక్కా భవనంలోకో, తలుపులు మూసిన వాహనంలోకో వెళ్లాలి. చింతచెట్టు కిందికీ, వేపచెట్టు కిందికీ వెళ్లకూడదు. చివరి ఉరుము వినిపించిన తరువాత 30 నిమిషాలు గడిచేదాకా కదలకూడదు.

సామగ్రి సంగతి క్లుప్తంగానే చెబుతాను. నూలు బనియన్ నీళ్లు పీల్చుకుని బరువెక్కి చర్మాన్ని ఒరిపిస్తుంది కనుక పాలిస్టర్ టీషర్ట్ వేసుకోండి, తొడలకూ చంకలకూ వాజలైన్ దండిగా రాయండి. ముందుకు అంచు ఉన్న టోపీ పెట్టుకుంటే చినుకులు కళ్లలో పడవు, ఆ ఒక్కదానితోనే సగం చికాకు తగ్గుతుంది. ముసురులో లారీ డ్రైవరుకు మనిషి ఆనవాలు సరిగ్గా కనిపించదు కాబట్టి ముదురు రంగు బట్టలు వద్దు, ఎదురుగా వచ్చే వాహనాలు మీకు కనిపించేలా రోడ్డుకు కుడివైపునే పరుగెత్తండి.

దారి ఎంపికకు మాత్రం ఎక్కువ ఆలోచన అవసరం. వాన రోజున ఇంటి చుట్టూ తిరిగే దారి పెట్టుకుంటే ప్రతి చుట్టుకూ ఇంటి గుమ్మం రమ్మని పిలుస్తుంది. అందువల్ల సగం దూరం వెళ్లి అదే దారిన తిరిగివచ్చే పద్ధతి మేలు, ఎందుకంటే తిరిగి ఇంటికి చేరడమే మిగిలిన పరుగు అవుతుంది. నేను ఊళ్లోంచి పానగల్లు వైపు వెళ్లి, ఉదయసముద్రం కట్ట చూసుకుంటూ ముందుకు సాగుతాను. చెరువు దగ్గర గాలి బలంగా ఉంటుంది. వెళ్లేటప్పుడే గాలికి ఎదురు వెళ్లేలా చూసుకుంటే, అలసిపోయి తిరిగివచ్చేటప్పుడు అది వీపును నెడుతుంది.

నిరుడు జూలైలో 28 కిలోమీటర్ల రోజున లతీఫ్ సాహెబ్ గుట్ట కూడా కనిపించనంత ముసురు పట్టింది. తడి మేజోళ్లలో వేళ్లు ముడుచుకుపోయి, ఎర్రమట్టి బూటు అంచుకు అతుక్కుని ఒక్కో అడుగూ బరువైంది. పదిహేడో కిలోమీటరు దగ్గర రోడ్డు పక్క చాయ్ హోటల్లో ఆగితే, అక్కడున్న అవ్వ తువ్వాల చేతికిచ్చి, “గీ ముసురుల గింత తడుసుకుంట ఎటు పోతున్నవ్ బిడ్డా?” అని అడిగింది. నల్లగొండకే పోతున్నానన్నాను. “సగం ఎక్కనే వచ్చినవ్ గదా, పో మరి” అంది. నిలబడే చాయ్ తాగాను. అలాంటప్పుడు కూర్చోకూడదు, తడి ఒంటితో అయిదు నిమిషాలు కూర్చుంటే ఒళ్లు చల్లబడి, పిక్కలు పట్టేసి, లేవాలన్న ఆలోచనే చచ్చిపోతుంది. అక్కడి నుంచి మిగిలిన పదకొండు కిలోమీటర్లను లెక్కలోకి తీసుకోలేదు. కరెంటు స్తంభాలు లెక్కపెట్టాను: ఇరవై స్తంభాలు పరుగు, తరువాతి రెండు స్తంభాల మధ్య నడక. గడియారం చూపించే వేగాన్ని పట్టించుకోలేదు, రెండు ముక్కలు మాట్లాడగలిగేంత ఊపిరి ఉందా లేదా అన్నదే చూసుకున్నాను.

మధ్యలో ‘ఇక చాలు’ అనిపించడం సహజమే. 2018 బోస్టన్ మారథాన్ చలిలో, ఎదురుగాలిలో, కుండపోత వానలో జరిగింది. అమెరికా రన్నర్ డిజైరీ లిండెన్‌కు మొదట్లోనే మానేద్దామనిపించి, తోటి రన్నర్ షలేన్ ఫ్లానగన్‌కు ఆ మాటే చెప్పి, ఈలోగా నీకేమైనా సాయం కావాలంటే చేస్తానంది. మహిళల విభాగంలో చివరికి గెలిచింది ఆ లిండెనే. ఆ రోజు పురుషుల్లో గెలిచిన యుకి కవౌచి అప్పటికి జపాన్‌లో ప్రభుత్వోద్యోగి, ఉద్యోగం చేసుకుంటూనే సాధన చేసినవాడు. మానేయాలన్న మొదటి ఆలోచన వచ్చాక నేను కనీసం రెండు కిలోమీటర్లు ముందుకు వెళ్లి, అప్పుడే మళ్లీ ఆలోచిస్తాను.

ఎండ విషయంలో ఈ పట్టుదలను సగానికి తగ్గించుకోవాలి. పగలు 44, 45 డిగ్రీలు తాకే రోజుల్లో మన దగ్గర తెల్లవారినా గాలి చల్లబడదు. శరీరం ఆ వేడికి అలవాటు పడడానికి సుమారు రెండు వారాలు పడుతుంది, అంతవరకూ దూరం తగ్గించడమే తెలివైన పని. వేసవిలో మాత్రం ఇంటి చుట్టూ తిరిగే దారే మంచిది, ప్రతి చుట్టుకూ నీళ్లు దొరుకుతాయి. వట్టి నీళ్లే అదేపనిగా తాగితే రక్తంలో ఉప్పు పలచబడి ప్రమాదం కనుక లీటరు నీటికి ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూన్ ఉప్పు కలిపి పెట్టుకోండి. మండే ఎండలో ఒళ్లు జలదరించినా, తల తిరిగినా, మాట తడబడినా అక్కడికక్కడే ఆగి నీడకు వెళ్లి, తల మీద నీళ్లు పోసుకుని, ఎవరినైనా పిలవండి.

వానలోంచి ఇంటికి చేరాక ముందు తడి బట్టలు మార్చి, ఆ తరువాతే మిగతా పనులు చూసుకోండి. బూట్ల లోపలి అట్టలు తీసేసి, పాత పేపర్ ఉండలుగా చుట్టి కుక్కండి. గంట తరువాత అవి తడిసి ముద్దవుతాయి, తీసి కొత్తవి పెట్టండి. సాయంత్రం దాకా రెండు మూడుసార్లు మారిస్తే మంగళవారం పరుగుకు బూట్లు పొడిగా ఉంటాయి.