నాలుగు వయొలిన్లు, ఒకే బాణీ (వాద్యాలు కూర్చడం నేర్చుకుందాం: 6వ పాఠం)

గత పాఠం చివర ఇచ్చిన అభ్యాసం గుర్తుందా? ఒక చిన్న బాణీని నాలుగు వయొలిన్లకు పంచమన్నాను. ఎక్కువమంది మొదటి వయొలిన్‌కు బాణీ ఇచ్చేసి, మిగతా మూడింటికీ కింద స–గ–ప పట్టించి కూర్చోబెట్టారు. తప్పు కాదు. కానీ ముగ్గురు మంచి వాద్యగాళ్లు నాలుగో వాడి వెనకాల తంబూరా పని చేస్తున్నట్టు ఉంటుంది. ఈ పాఠంలో ఆ ముగ్గురినీ బాణీలోకి లాగుదాం.

ఈ పద్ధతి 1951లో లండన్‌లో తయారైన 'చార్మెయిన్' అనే రికార్డుతో ప్రపంచానికి తెలిసింది. ఇంగ్లీషువాళ్లు క్యాస్కేడింగ్ స్ట్రింగ్స్ అంటారు. నేను జలపాతం పద్ధతి అంటాను. నీళ్లు ఒక మెట్టు నుంచి ఇంకో మెట్టుకు దూకుతున్నా పై మెట్టు ఇంకా తడిగానే ఉంటుంది చూడండి, అదే ఇందులో కిటుకు.

ముందు మనుషుల సంగతి కొంచెం చెబుతాను. ఎందుకంటే ఈ పద్ధతి ఎలా పనిచేస్తుందో తెలియాలంటే, అది ఏ అవసరంలోంచి వచ్చిందో తెలియాలి.

ఆ రికార్డు వాయించిన బృందానికి నాయకుడు అనున్‌జియో పావోలో మాంటోవానీ. 1905 నవంబరు 15న వెనిస్‌లో పుట్టాడు. తండ్రి మిలాన్‌లోని లా స్కాలా ఒపేరా హాలులో, టోస్కనీనీ కండక్ట్ చేసిన ఆర్కెస్ట్రాకు ప్రధాన వయొలిన్ విద్వాంసుడు. (కండక్టర్ అంటే ఇక్కడ టికెట్లు కొట్టేవాడు కాదు, చేతులు ఊపుతూ బృందాన్ని నడిపించేవాడని మొదటి పాఠంలోనే చెప్పుకున్నాం.) 1912లో కుటుంబం ఇంగ్లండ్ చేరింది. పిల్లవాడు లండన్‌లోని ట్రినిటీ కాలేజ్ ఆఫ్ మ్యూజిక్‌లో చదివాడు, ఇరవై నిండకముందే వయొలిన్ మీద సంపాదన మొదలుపెట్టాడు. అంత శాస్త్రీయ నేపథ్యం ఉన్నవాడు తర్వాత చేసిందల్లా హోటళ్లలో, రెస్టారెంట్లలో బృందం నడపడం. 1930లలో టిపికా ఆర్కెస్ట్రా అనే పేరుతో ఆయన బృందం రేడియోలోనూ బాగా పేరు తెచ్చుకుంది.

రెస్టారెంట్‌లో వాయించడం తేలిక అనుకోకండి. పెళ్లి రిసెప్షన్లలో కీబోర్డ్ వాయించిన అనుభవంతో చెబుతున్నాను. అక్కడ జనం తింటూ ఉంటారు, మాట్లాడుకుంటూ ఉంటారు. సంగీతం వాళ్ల మాటకు అడ్డు రాకూడదు. అలాగని గోడ వెనకాల మోటారు మోగుతున్నట్టూ ఉండకూడదు. పాయసం తింటున్నవాడు ఒక్క క్షణం చెంచా ఆపి, ఇది ఫలానా పాట కదూ అనుకోవాలి. ఈజీ లిజనింగ్ అని తర్వాత పేరు పడిన సంగీతమంతా ఈ రెండు షరతుల మధ్య నడిచిందే. మన రేడియోవాళ్ల లలిత సంగీతంతో దీన్ని కలపకండి. అక్కడ కవి మాట ప్రాణం. ఇక్కడ చాలావరకు మాటే లేదు.

రెండో మనిషి రోనాల్డ్ బింజ్. 1910లో ఇంగ్లండ్‌లోని డార్బీలో పుట్టాడు. మూకీ సినిమాలు ఆడే హాల్లో ఆర్గన్ వాయించాడు, తర్వాత అకార్డియన్ పట్టాడు. మాంటోవానీ బృందంలో చేరి అకార్డియన్ వాయిస్తూనే అరేంజర్, అంటే ఏ వాద్యం ఏ స్వరం వాయించాలో రాసేవాడు, అయ్యాడు. యుద్ధం తర్వాత మాంటోవానీ కొంతకాలం నాటకశాలల్లో పనిచేశాడు. 1946లో డ్రూరీ లేన్ థియేటర్‌లో నోయెల్ కవర్డ్ సంగీత నాటకం 'పసిఫిక్ 1860'కి వేదిక ముందు గుంతలో నిలబడి బృందాన్ని నడిపింది ఆయనే. ఆ తర్వాత దృష్టి రికార్డుల మీదకు మళ్లింది. దాదాపు 40 మంది బృందం, అందులో 28 మంది తీగ వాద్యాలవాళ్లే. ఇంతమంది వయొలిన్లవాళ్లున్నారు, వీళ్లను వేరే ఎవరి దగ్గరా లేనట్టు మోగించాలి. ఆ పని బింజ్ మీద పడింది.

బింజ్‌కు దారి చూపింది పాత చర్చి సంగీతం. వెనిస్‌లో సెయింట్ మార్క్స్ అనే పెద్ద చర్చి ఉంది. 1613 నుంచి 1643 వరకు అక్కడి సంగీతం మాంటెవెర్ది అనే స్వరకర్త చేతిలో ఉండేది. అంత పెద్ద గోపురాల కింద పాడితే ఒక స్వరం ఆగిపోయాక కూడా గాలిలో తిరుగుతూనే ఉంటుంది. తర్వాతి స్వరం వచ్చి దానిమీద వాలుతుంది. ఆ భవనాన్ని లండన్ స్టూడియోలోకి తేలేం కదా. అందుకని బింజ్ ఆ భవనం చేసే పనిని కాగితం మీద రాసి మనుషుల చేత చేయించాడు. మాంటోవానీ పుట్టింది అదే ఊళ్లో కావడం కాకతాళీయమే, కానీ నాకు చెప్పకుండా ఉండబుద్ధి కాలేదు.

ఇక పెన్సిల్ తీయండి.

ఈ ఎనిమిది స్వరాల బాణీ రాసుకోండి. ఒక్కో స్వరానికి ఒక లెక్క. వేగం నిమిషానికి 70 లెక్కల దగ్గర.

స గ ప ద ప గ రి స

మోహన రాగ స్వరాలే అని గమనించే ఉంటారు. కావాలనే తీసుకున్నాను, కారణం కాసేపట్లో. ఇప్పుడు ఈ బాణీని ఎవరికీ పూర్తిగా ఇవ్వకండి. మొదటి స్వరం ఒకటో వయొలిన్‌కు, రెండోది రెండో వయొలిన్‌కు, మూడోది మూడోదానికి, నాలుగోది నాలుగోదానికి. ఐదో స్వరం మళ్లీ ఒకటో వయొలిన్‌కు. పేకముక్కలు పంచినట్టే. ఒక్కటే నియమం: తన స్వరం వాయించినవాడు మళ్లీ తన వంతు వచ్చేదాకా దాన్ని వదలకూడదు. గీతను పట్టుకున్న లెక్క అనుకుంటే, చుక్కను నిశ్శబ్దం అనుకుంటే, స్కోరు ఇలా ఉంటుంది:

ఒకటో వయొలిన్: స – – – ప – – –
రెండో వయొలిన్: . గ – – – గ – –
మూడో వయొలిన్: . . ప – – – రి –
నాలుగో వయొలిన్: . . . ద – – – స

అడ్డంగా చదివితే ఎవరి దగ్గరా పాట లేదు. ఏటవాలుగా చదివితే పాట ఉంది. నిలువుగా చదివితే, నాలుగో లెక్క నుంచి ప్రతి లెక్కలోనూ నాలుగు వయొలిన్లూ కలిసి స్వరాల గుత్తిగా మోగుతున్నాయి. నాలుగో లెక్కలో స–గ–ప–ద. ఎంత తియ్యగా ఉంటుందో కీబోర్డ్ మీద నొక్కి వినండి.

కీబోర్డ్ ఉన్నవాళ్లకు వెంటనే ఒక అనుమానం వస్తుంది. సస్టెయిన్ పెడల్ (స్వరాలను ఆగకుండా మోగించే కాలి మీట) తొక్కితే ఇదే వస్తుందిగా, ఇంత తతంగం ఎందుకు అని. తొక్కి చూడండి. పెడల్‌కు విచక్షణ లేదు. మొదటి స దగ్గర నుంచి అన్నీ పోగేస్తుంది, ఎడమచేతి బేస్‌ను కూడా అందులో కలిపేస్తుంది. ఐదో లెక్కకే అంతా అలుక్కుపోతుంది. మన స్కోరులో ప్రతి స్వరానికీ ఆయుష్షు రాసి ఉంది. సరిగ్గా నాలుగు లెక్కలు బతికి తప్పుకుంటుంది.

ఇది నాకు ఎదురుదెబ్బ తిన్నాకే తెలిసింది. చాలా ఏళ్ల కిందట ఒక రిసెప్షన్‌లో మాకు రెండే వయొలిన్లు. నిండుదనం రావాలని సౌండ్ ఆపరేటర్‌ని ఎకో పెంచమన్నాను. అతను పెంచాడు, పాపం నేను అడిగినదానికంటే ఉదారంగానే. వయొలిన్లు నిండాయి, తబలా కూడా నిండింది, గాయని పల్లవి చరణంలోకి వచ్చి పడింది. పెళ్లికూతురి తాతగారు, హోరు తప్ప ఏమీ వినపడట్లేదు బాబూ అన్నారు. యంత్రం ఎకో అందర్నీ తడిపేస్తుంది. రాసిన ఎకో మనం కోరినవాడినే తడుపుతుంది.

మాంటోవానీ రికార్డు విని అదేదో ఎకో యంత్రం మహిమ అనుకున్నవాళ్లు చాలామంది. తర్వాత కచేరీ హాళ్లలో ఆ బృందం యంత్రం లేకుండా అదే శబ్దం తెప్పించింది. అదంతా కాగితం మీదే ఉంది మరి.

ఇప్పుడు మన స్కోరులో మూడు చిక్కులు చూద్దాం.

మొదటిది తేలిక. రెండో వయొలిన్‌కు వరసగా రెండుసార్లు గ వచ్చింది. విల్లు ఆపకుండా లాగేస్తే ఆరో లెక్కలో బాణీ స్వరం మాయమైపోతుంది. అక్కడ విల్లు దిశ మార్చమని గుర్తు పెట్టండి.

రెండోది ముఖ్యం. నలుగురూ తమ స్వరాన్ని ఒకే బలంతో పట్టుకుంటే బాణీ వినపడదు, నాలుగు స్వరాల ముద్ద వినపడుతుంది. కొత్త స్వరం ఎప్పుడూ పైకి తేలాలి. అందుకని ప్రతి స్వరం గుడి గంటలా ఉండాలి: తాకేటప్పుడు స్పష్టంగా తాకి, వెంటనే తగ్గిపోతూ ఉండాలి. మ్యూజ్‌స్కోర్ అనే స్కోరు రాసే సాఫ్ట్‌వేర్‌లో రాస్తున్నవాళ్లు ప్రతి దీర్ఘస్వరం నెత్తిన యాక్సెంట్ (గట్టిగా తాకమనే గుర్తు), కింద తగ్గుతున్న హెయిర్‌పిన్ (బలం తగ్గించమనే గుర్తు) పెట్టండి. ఇది పెట్టకుండా వినిపించి, పద్ధతే బాగాలేదు అనకండి. సగంమంది ఇక్కడే విసుగెత్తి మానేస్తారు.

మూడోది చివరి లెక్క. అక్కడ ప–గ–రి–స కలిసి మోగుతున్నాయి. రి అటు గ తోనూ ఇటు స తోనూ రాసుకుంటోంది. పాట మధ్యలో ఈ రాపిడి అందమే, అదే ఆ మెరుపు. కానీ ముగింపులో ఇల్లు చేరినట్టు ఉండాలి. మందు చాలా చిన్నది: నాలుగో వయొలిన్ స అందుకోగానే మూడో వయొలిన్ రి వదిలేయాలి. మిగిలింది స–గ–ప. మీరు కొత్తగా ఏమీ కలపలేదు, ఒకదాన్ని తీసేశారంతే.

మోహన ఎందుకు తీసుకున్నానో ఇప్పుడు చెబుతాను. అందులో అరస్వరం (కీబోర్డ్ మీద పక్క మెట్టు) దూరంలో పక్కపక్కన ఉండే జంట ఒక్కటీ లేదు. ఏ నాలుగు స్వరాలు ఒకదానిమీద ఒకటి పడ్డా చెవికి గుచ్చుకోదు. అదే శంకరాభరణంలో గ, మ వరసగా వస్తే, ని మీద పై స వాలితే, మూడు లెక్కల పాటు కలిసి మోగి గీరుతాయి. అలాంటి చోట పాత స్వరాన్ని తొందరగా వదిలించాలి. ఎక్కడ పట్టాలి, ఎక్కడ వదలాలి అన్న నిర్ణయమే అరేంజర్ పని. పంచడం ఎవరైనా పంచుతారు.

కింది వరస గురించి రెండు మాటలు. వయొలిన్ కంటే కింది స్థాయి తీగ వాద్యాలైన వయోలాలు, చెల్లోలు, డబుల్ బేస్ జలపాతం జోలికి రాకూడదు. కింది స్థాయిలో నెమ్మదిగా, గుత్తికి రెండు లెక్కలో నాలుగు లెక్కలో పట్టుకుని ఉండాలి. వయొలిన్లు తిరిగే స్థాయిలో ఇంకెవరినీ కూర్చోబెట్టకండి. పైన అంత పొగమంచు ఉన్నప్పుడు కింద నేల గట్టిగా కనపడాలి.

బింజ్ ఈ పద్ధతిని వాడిన 'చార్మెయిన్' అనే వాల్ట్‌జ్, అంటే మూడు లెక్కల నడక, అప్పటికే పాత బాణీ. 1926లో ఒక మూకీ సినిమా కోసం ఎర్నో రాపీ, లూ పొలాక్ కట్టింది. కొత్త బట్టలు తొడిగితే పది లక్షలకు పైగా అమ్ముడుపోయింది. రికార్డు తయారు చేసిన డెక్కా కంపెనీ సాంకేతికత కూడా కలిసొచ్చింది. యుద్ధకాలంలో జలాంతర్గాముల శబ్దాల్లో తేడా పట్టే శిక్షణ కోసం ఆర్థర్ హాడీ బృందం అభివృద్ధి చేసిన రికార్డింగ్ విధానం వాళ్ల దగ్గర ఉంది. దాదాపు 14,000 హెర్ట్జ్ దాకా పై శబ్దాలను పట్టేది. వయొలిన్ల మెరుపంతా ఉండేది ఆ పై శబ్దాల్లోనే. మామూలు రికార్డులో అయితే సగం జలపాతం ఇంకిపోయేది.

తర్వాత విజయాలు వరసకట్టాయి. 1953లో 'మౌలిన్ రూజ్' సినిమా బాణీతో బ్రిటన్ సింగిల్స్ పట్టికలో మొదటి స్థానానికి చేరిన తొలి వాద్య సంగీతం మాంటోవానీదే. స్టీరియో రికార్డులు పది లక్షలు అమ్మిన మొదటివాడిగానూ ఆయన్నే చెబుతారు. బింజ్ తన సొంత రచనల వైపు వెళ్లిపోయాడు. రాత్రి బీబీసీ రేడియో 4లో ఓడల వాతావరణ సూచన ముందు వచ్చే 'సెయిలింగ్ బై' ఆయనదే. మాంటోవానీకి సెసిల్ మిల్నర్ లాంటి అరేంజర్లు దొరికారు, స్వయంగానూ రాసుకున్నాడు. బింజ్ 1979లో, మాంటోవానీ 1980లో పోయారు. జలపాతం సృష్టించింది మాంటోవానీ అని ఇప్పటికీ రాసేవాళ్లున్నారు. కావాలన్న పట్టుదల ఆయనది, రాసిన చెయ్యి బింజ్‌ది. బృందం నడిపేవాళ్లుగా, అరేంజర్లుగా మీలో ఎవరు ఏ వైపు వెళ్లినా ఈ తేడా గుర్తుంచుకుంటే పేర్లు వేసేటప్పుడు గొడవలు రావు.

నా అభిప్రాయం ఒకటి: ఆ రికార్డులు వరసగా పది వింటే నాకు పాకం ముదిరినట్టు అనిపిస్తుంది. పాటంతా జలపాతం పోయకండి. పల్లవి రెండోసారి వచ్చినప్పుడు పోయండి, చరణంలో ఆపండి.

ఈ వారం అభ్యాసం. పైన ఇచ్చిన స్కోరును యథాతథంగా రాసి, యాక్సెంట్లతో ఒకసారి, లేకుండా ఒకసారి వినండి. తర్వాత ఇదే పద్ధతిలో హంసధ్వనిలో ఎనిమిది స్వరాల బాణీ కట్టండి. ని, పై స పక్కపక్కన కనీసం ఒకసారి రావాలి. ఆ చోట ని స్వరాన్ని ఎప్పుడు వదిలించారో ఎర్ర పెన్సిల్‌తో గుర్తు పెట్టండి. వయొలిన్లు మూడే ఉంటే ముగ్గురికే పంచండి. అప్పుడు పట్టుకునే కాలం నాలుగు నుంచి మూడు లెక్కలవుతుంది, గీరడం కూడా తగ్గుతుంది.

వచ్చే పాఠంలో రే కానిఫ్ అనే అమెరికన్ బృంద నాయకుడు. ఆయన మాటలు లేకుండా ఆడవాళ్ల గొంతులను ట్రంపెట్లతో, మగవాళ్ల గొంతులను ట్రాంబోన్లతో జతకట్టాడు. దానికి ఇంట్లో పాడగలిగినవాళ్లు ఇద్దరు కావాలి, ఇప్పటి నుంచే మంచి చేసుకుని ఉంచండి.