టి కణం తన గ్రాహకాన్ని ఎంత మింగిందో కొలవడం
జుర్కాట్ కణాలు (ల్యాబులో పెంచే మనిషి టి కణాలు) ట్యూబుకు 5 లక్షల చొప్పున తీసుకోండి. ఐసు మీదే, అలెక్సా 647 అనే వెలిగే రంగు అంటించిన సీడీ3 యాంటీబాడీతో (సీడీ3 అంటే టి కణ గ్రాహకంలో భాగమైన ప్రోటీన్) 30 నిమిషాలు ఉంచి, చల్లని బఫర్‌తో రెండుసార్లు కడగండి. 37 డిగ్రీల మీడియంలోకి మార్చి 0, 5, 15, 30 నిమిషాలకు తీసి వెంటనే ఐసులో పెట్టండి. ప్రతి సమయానికీ రెండు ట్యూబులు ఉండాలి. ఒకటి అలాగే ఉంచి, రెండోదాన్ని పీహెచ్ 2.5 గ్లైసిన్ ద్రావణంతో 2 నిమిషాలు కడిగితే పైనున్న యాంటీబాడీ ఊడిపోతుంది. మిగిలిన వెలుగే లోపలికి వెళ్లినది. సున్నా నిమిషం ట్యూబులో కడిగాక కూడా వెలుగు తగ్గకపోతే ఆ రోజు లెక్కలు పక్కన పెట్టేయాల్సిందే.

బఫర్ పాడవకుండా కలిపే అజైడ్‌ను 37 డిగ్రీల దశకు చేరనివ్వకండి, కణానికి శక్తి అందక గ్రాహకం పైనే ఉండిపోతుంది. ఓకేటీ3 అనే సీడీ3 యాంటీబాడీ అయితే రెండు చేతులతో గ్రాహకాలను జతచేసి తానే కణాన్ని రెచ్చగొడుతుంది. సహజ వేగం తెలియాలంటే యాంటీబాడీలోని ఒంటిచేతి ముక్క, అంటే ఫ్యాబ్, మాత్రమే వాడాలి.