కలంకారీ గీత పాకకుండా ఇలా ఆపాను

పెళ్లయ్యాక వదిలేసిన కలం, మొన్న శ్రీకాళహస్తి వెళ్లొచ్చాక మళ్లీ పట్టాను. పుట్టినూళ్లో ఆ కరక్కాయ వాసన తగిలాక మనసు ఆగలేదు. కానీ హైదరాబాద్‌లో కసింకారంతో (బెల్లంతో పులిసిన ఇనుప తుక్కు నీళ్లతో) గీసిన ప్రతి గీతా బట్టలో పాకిపోయేది.

తేడా అంతా పాలలోనే ఉంది. వెన్న తీసిన ప్యాకెట్ పాలు దీనికి పనికిరావు. కోరాబట్టను గంజి పోయేలా ఉడికించి, కరక్కాయ పొడి కలిపిన చిక్కటి పచ్చి గేదెపాలలో నానబెట్టి, గట్టిగా పిండి, ఎండలో ఆరేశాను. పాలలోని కొవ్వే రంగును పాకనివ్వదు. ఇక నలుపంటారా, ఆ కసింకారం కరక్కాయ వగరును తాకితేనే వస్తుంది. గీసిన గీత కళ్లముందే నల్లబడుతుంటే ఎంత బాగుంటుందో! వెదురు కలానికి చుట్టిన గుడ్డను మాత్రం మరీ నొక్కకూడదు. ఇప్పుడు కృష్ణుడి కనుబొమ్మ కూడా సన్నగా వస్తోంది.