బండి పడ్డాక ఏం చూడాలి, ఏం బిగించాలి: గుట్టదారుల బైకులకు సమస్య - పరిష్కారం

నల్లగొండ జిల్లా దేవరకొండ, చందంపేట గుట్టల్లో బండి ఎక్కువగా పడేది స్పీడ్‌లో కాదు. బండ మీద సన్న మొరం పరుచుకున్న చోట ముందు చక్రం జారి, మెల్లగా ఓ పక్కకు ఒరిగిపోతుంది. హీరో ఎక్స్‌పల్స్ 200 బైకు దాదాపు 160 కిలోలు, రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 411 దాదాపు 200. ఆ బరువంతా ముందుగా నేలను తాకిన చిన్న భాగం మీద పడుతుంది. అది కదిలి తప్పుకుంటే బతుకుతుంది, బిగుసుకుని ఉంటే విరుగుతుంది.

పడ్డ ప్రతిసారీ క్లచ్ లివర్ విరుగుతోంది

లివర్‌ను హ్యాండిల్‌కు పట్టి ఉంచే క్లాంప్‌ను కదలనంత గట్టిగా బిగించడమే కారణం. దాని బోల్టులు కొంచెం లూజ్ చేయండి. క్లచ్ పట్టినప్పుడు కదలకూడదు, అరచేత్తో గట్టిగా కొడితే మాత్రం తిరగాలి. ప్లంబర్లు వాడే తెల్ల టెఫ్లాన్ టేపును క్లాంప్ కింద హ్యాండిల్‌కు రెండు మూడు చుట్లు చుడితే ఈ బిగువు చక్కగా కుదురుతుంది. ముందు బ్రేకు క్లాంప్‌కూ ఇదే పద్ధతి. ఆ తర్వాతే చేతులకూ లివర్లకూ అడ్డుగా ఉండే హ్యాండ్‌గార్డుల సంగతి. లోపల అల్యూమినియం పట్టీ ఉండి, రెండు చివర్లా బిగించేవే కొనండి. ఉత్త ప్లాస్టిక్‌వి గాలినీ తుమ్మ కొమ్మల్నీ ఆపుతాయి, అంతే.

గేర్ పడట్లేదు

గేర్ రాడ్ లోపలికి వంగి ఇంజిన్ కవర్‌కు ఆనుకుని ఉంటుంది. బండికి ఉండగానే సుత్తితో కొట్టొద్దు. ఆ దెబ్బ షాఫ్ట్‌కు, ఆయిల్ సీల్‌కు పోతుంది. రాడ్ షాఫ్ట్ పళ్లలో ఏ పన్ను మీద కూర్చుందో గీత పెట్టుకోండి. బోల్ట్ పూర్తిగా తీస్తేనే రాడ్ బయటికి వస్తుంది. దాన్ని బండరాయి మీద పెట్టి మెల్లగా సరిచేయండి. కాలు పెట్టే కొన మడతపడే రకం దొరికితే మార్చేయండి, మళ్లీ ఈ తిప్పలుండవు.

ఇంజిన్ కింద ఆయిల్ కారుతోంది

వెంటనే ఇంజిన్ ఆపండి. ఊరు దగ్గరే కదా అని నడిపితే ఇంజిన్ సీజ్ అయితది. చీలిక చిన్నదైతే పెట్రోల్ గుడ్డతో జిడ్డు తుడిచి, గరుకు కాగితంతో రుద్ది, ఎంసీల్ కలిపి పెట్టండి. రాయిలా గట్టిపడేదాకా ఆగండి. ఆయిల్ లెవల్ చూసుకున్నాకే స్టార్ట్ చేయాలి. ఇది మెకానిక్ దాకా చేరడానికే. ఇంజిన్ కింద రక్షణగా ఉండే బ్యాష్‌ప్లేట్ ఉన్నా ఇలా ఎందుకైందంటే, ప్లేట్ ఇంజిన్‌కు ఆనుకుని ఉండి ఉంటుంది. మధ్యలో కనీసం వేలు దూరేంత సందు ఉండాలి. రేగడి బురద అందులో గడ్డకట్టినా సందు లేనట్టే, కడగండి.

చక్రం నిటారుగా ఉంది, హ్యాండిల్ వంకరగా ఉంది

చాలాసార్లు ఏదీ వంగి ఉండదు, ముందు చక్రాన్ని పట్టి ఉంచే రెండు ఫోర్కులు క్లాంపుల్లో మెలిపడతాయి. ముందు చక్రాన్ని మోకాళ్ల మధ్య పట్టుకుని హ్యాండిల్ తిప్పండి. లొంగకపోతే యాక్సిల్‌ను, కింది క్లాంప్ బోల్టులను కాస్త వదులు చేసి సరిచేసి బిగించండి.

స్టార్ట్ కావట్లేదు

ముందు హ్యాండిల్ మీద ఇంజిన్ ఆపే కిల్ స్విచ్ చూడండి. చాలా ఫ్యూయల్ ఇంజెక్షన్ బళ్లలో బండి ఒరిగితే ఇంజిన్ ఆపే సెన్సర్ ఉంటుంది. బండి నిలబెట్టి, తాళం ఆఫ్ చేసి ఆన్ చేస్తే సరి. పెట్రోల్ వాసన వస్తుంటే అది పోయేదాకా సెల్ఫ్ నొక్కొద్దు.

క్రాష్ గార్డ్ బాగుంది, కానీ ఇంజిన్ మౌంట్ బోల్ట్ వంగింది

నాకు అన్నిటికన్నా భయం ఇదే. ఇంజిన్‌ను ఫ్రేమ్‌కు పట్టి ఉంచే మౌంట్ బోల్ట్ ఒక్కదాని మీదే నిలిచే మందపాటి గార్డ్ దెబ్బను తాను తినదు, బోల్ట్‌కూ ఫ్రేమ్‌కూ పంపిస్తుంది. గార్డ్ వంగితే కొత్తది వేసుకోవచ్చు, ఫ్రేమ్ పగిలితే అట్లా కాదు. వెల్డింగ్ షాపులో చేయించినా, కొన్నా, ఒక్కో పక్క రెండు మూడు చోట్ల పట్టు ఉండాలి, కుడి ఎడమలను కలుపుతూ అడ్డంగా ఒక రాడ్ ఉండాలి. గట్టిగా పడ్డాక ఆ బోల్టులు ఒక్కొక్కటే తీసి చదునైన బండ మీద దొర్లించి చూడండి. ఎగిరెగిరి దొర్లితే వంగినట్టే. దాన్ని సరిచేసి వాడొద్దు, అదే గ్రేడ్ కొత్త బోల్ట్ వేయండి.